క్యూ కర్ర, వెనక చెయ్యి

బిలియర్డ్స్ ఆడిన తొలి తరాలకు క్యూ తెలియదు. చివర బరువైన చెక్కదిమ్మ ఉన్న ‘మేస్’ అనే పొడుగు కర్రతో బంతిని నెట్టేవారు. బంతి బల్ల అంచుకు ఆనుకుని ఆగిందంటే దిమ్మకు దాని వెనక చోటు దొరికేది కాదు. అప్పుడు కర్రను తిరగేసి, సన్నగా ఉండే పిడితో పొడిచేవారు. పదిహేడో శతాబ్దం చివరికి ఆ పిడి భాగమే వేరే పరికరంగా నిలబడింది. మన క్యూకి మూలం అదే.

వట్టి చెక్క కొస నున్నటి బంతి మీద ఇట్టే జారిపోతుంది. అందుకే చాలాకాలం బంతిని సరిగ్గా నడిమధ్యలో కొట్టక తప్పలేదు. ఫ్రెంచ్ సైనికాధికారి ఫ్రాన్స్వా మింగో పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో ఆ కొసకు తోలు టిప్ తొడిగి, దానితో బంతిని ఎలా తిప్పవచ్చో చేసి చూపించాడు. 1827లో ఆట మీద పుస్తకమూ వేశాడు. 1897లో అమెరికాలో బిలియర్డ్స్ ఆటగాడు విలియం స్పింక్స్, రసాయన శాస్త్రవేత్త విలియం హాస్కిన్స్ కలిసి టిప్‌కు రాసేందుకు సిలికా, గరుకు పొడి కలిపిన కొత్త చాక్‌కు పేటెంట్ తీసుకున్నారు. తోలు, చాక్ కలిసి బంతిని పట్టి తిప్పే పని చేస్తాయి. అయినా దానికో హద్దుంది. మధ్య నుంచి బంతి వ్యాసార్ధంలో సగం దాటి కొడితే టిప్ జారుతుంది. బిలియర్డ్స్‌లో ఒక రకమైన పూల్ ఆటలో వాడే 57 మిల్లీమీటర్ల బంతికి ఆ హద్దు సుమారు 14 మిల్లీమీటర్లు.

ఈ ఆట లెక్కలన్నిటినీ 1835లో గ్రంథంగా రాసినవాడు గస్పార్ కొరియాలిస్. బంగాళాఖాతం తుఫాను ఏ దిశలో సుడి తిరుగుతుందో చెప్పడానికి మనం తలుచుకునే కొరియాలిస్ ఈయనే.

తెలుగు నేల మీదికి క్యూ క్లబ్బుల దారిన, నవాబుల మేడల దారిన వచ్చింది. హైదరాబాద్‌లో నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఫలక్‌నుమా మేడలో లండన్ కంపెనీ బరోస్ అండ్ వాట్స్ చేసిన బల్ల ఇప్పటికీ ఉంది. ఇవాళ గంటకింతని కట్టి ఎవరైనా పూల్ ఆడవచ్చు. ఝరాసంగం నుంచి చదువుకని హైదరాబాద్ చేరిన కుర్రాడు మొదటిసారి క్యూ అందుకుంటే, తన ఊరి ఎర్ర మొరం నేలలో గడ్డపార పట్టినట్టే బిగించి పడతాడు. దెబ్బ గట్టిగా పడాలంటే పట్టు గట్టిగా ఉండాలని ఆ చేతికి అలవాటు. ఇక్కడ ఆ అలవాటే అడ్డం.

టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. మెత్తని కండ ఉన్న చెయ్యి తన బరువును అంతలోనే కర్రకు జోడించలేదు. దెబ్బకు బలం కర్ర వేగం నుంచి, కర్ర బరువు నుంచే వస్తుంది. 170 గ్రాముల లోపు బంతిని దానికి మూడింతల బరువున్న క్యూ తాకాక, క్యూ వేగం దాదాపు సగానికి పడిపోతుంది, కానీ ఆగిపోదు. దాన్ని నేరుగా ముందుకు సాగనివ్వడమే పిడి పట్టిన వెనక చేతి పని. పిడికిలి బిగిస్తే మణికట్టు బిగుసుకుంటుంది, పిడి పైకి లేస్తుంది, టిప్ పక్కకు తిరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడా చాలు, వద్దన్నా స్పిన్ పడుతుంది. చాలా పూల్ క్యూల పిడికి ఐరిష్ నార దారం చుట్టేది చెమట పట్టినా బిగించే పని లేకుండానే.

పట్టు దిద్దుకోవాలంటే ముందు క్యూను వేలి మీద ఆనించి అది ఎక్కడ సమంగా నిలుస్తుందో చూసుకోవాలి. అక్కడికి బెత్తెడు, బెత్తెడున్నర వెనక చెయ్యి పెట్టి మొదలుపెట్టవచ్చు. చేతి పొడవును బట్టి ఇది మారుతుంది. టిప్ బంతిని తాకే క్షణాన మోచేతి నుంచి కిందికి చెయ్యి నిట్టనిలువుగా వేలాడాలి, అంతే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కర్రను ఉయ్యాలలా మోస్తే చాలు. కర్ర వెనక్కి వెళ్లేటప్పుడు చిటికెనవేలు, ఉంగరపువేలు వదులవ్వాలి, ముందుకు వచ్చేటప్పుడు వాటంతట అవే మూసుకోవాలి. వాటిని మూసే ఉంచితే పిడి కిందికి పైకి ఊగుతుంది.

పరీక్ష సులువు. తెల్లబంతిని బల్ల పొడవునా మధ్యగా ఊహించుకున్న గీత మీద పెట్టి, నడిమధ్యలో, ఎదుటి అంచుకు నేరుగా కొట్టాలి. కొట్టాక క్యూ కదపకూడదు. బంతి తిరిగొచ్చి టిప్‌ను తాకితే చెయ్యి నేరుగా సాగినట్టు. ప్రతిసారీ ఒకే వైపుకు పోతుంటే గురి మార్చకండి, ముందు బొటనవేలు వదులు చేసి మళ్లీ కొట్టండి.