ఒకే బల్ల, ఒకే పాత్ర

క్రైస్తవ ఆరాధనలో వినేది కొంతే, చేసేది ఎక్కువ. ప్రసంగాన్ని ఇంట్లో కూర్చునైనా వినొచ్చు. గొంతు కలిపి పాడటానికి, కానుక వేయడానికి, రొట్టె విరిచి పంచుకోవడానికి మాత్రం మనిషి గుడికి రావాలి.

మొదటి తరాల నుంచీ ఇదే పద్ధతి. ఇప్పటి టర్కీ ఉత్తర ప్రాంతాన్ని పాలించిన రోమన్ అధికారి ప్లినీ, క్రీ.శ. 112 ప్రాంతంలో చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో క్రైస్తవుల సంగతి చెప్పాడు: నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి పాడతారు, విడిపోయి మళ్లీ భోజనానికి కలుస్తారు. మరో నలభై ఏళ్లకు రోమ్‌లో క్రైస్తవ పండితుడు జస్టిన్ ఆదివారపు ఆరాధన క్రమాన్ని వివరంగా రాశాడు. పఠనం, ప్రసంగం, ప్రార్థన, ఆపైన రొట్టె, ద్రాక్షారసం. రాలేకపోయినవారికి వాటిని పరిచారకులు ఇళ్లకు తీసుకెళ్లేవారు. పోగైన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి వెళ్లేవి.

డయొక్లీషియన్ చక్రవర్తి 303లో ఈ కూడికలను నిషేధించాడు. మరుసటి ఏడాది ఇప్పటి ట్యునీషియాలోని అబితీనాలో రహస్యంగా ఆరాధిస్తున్న 49 మంది పట్టుబడ్డారు. వారిని ఇంట్లోకి ఎందుకు రానిచ్చావని అడిగితే, ఆ ఆరాధన లేనిదే తమకు బతుకు లేదన్నాడు వారికి చోటిచ్చిన ఎమెరితుస్. విడివిడిగా ఎవరింట్లో వారు ప్రార్థించుకుని ఉంటే ప్రాణాలు దక్కేవేమో!

అయితే కూడుకున్నంత మాత్రాన సరిపోదు. కొరింథు సంఘం భోజనానికి కూడినప్పుడు కలిగినవారు ముందే తినేస్తుంటే లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారని పౌలు గట్టిగా మందలించాడు. తెలుగునాట ఈ మందలింపు కులానికి తగిలింది. కరువు రోజుల్లో బాప్తిస్మం ఇస్తే తిండి కోసం వచ్చారంటారని మిషనరీ జాన్ క్లౌ ఆపి ఉంచాడు. తీరా 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒకేసారి ఇద్దరు చొప్పున, ఆరుగురు స్థానిక బోధకులు వంతులు మారుతూ ఇచ్చారు. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేనివారికి ప్రభువు బల్ల దగ్గర అందరితో కలిసి ఒకే పాత్ర అందుకోవడం మామూలు సంగతి కాదు. ఆ బల్ల చుట్టూ కులం పూర్తిగా కరిగిపోయిందని మాత్రం చెప్పలేం. మాల, మాదిగ సంఘాలు వేర్వేరుగా నడిచే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

మద్రాసులో 1947లో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘం కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి సమాధానం (శాంతి) పంచుకునే ఆచారాన్ని తన ఆరాధనలోకి తెచ్చుకుంది. పాస్టరు దగ్గర మొదలై వరుస వరుసకూ సాగుతుంది. ఒకరి కుడి అరచేయి మరొకరి కుడి అరచేతిని తాకుతుంది, ఎడమ చెయ్యి ఎదుటివారి చేతిని పైనుంచి మూస్తుంది. వారమంతా పొలం గట్టు తగాదాలో ఉన్నవాళ్లు పక్కపక్కన కూర్చుంటే ఆ చెయ్యి చాపడం అంత తేలిక కాదు. ఆచారానికి విలువంతా అక్కడే ఉంది. కోతపండుగ మరో రకం. బుట్టల్లో తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం గుడి ఆవరణలోనే వేలానికి వస్తాయి. ఒక్క కాయను పంతం కొద్దీ పాడి, కొన్నాక తిరిగి గుడికే ఇచ్చేసేవాళ్లూ ఉంటారు.

2020 మార్చిలో కొవిడ్ గుడి తలుపులు మూయించింది. ఆరాధన యూట్యూబ్‌కు ఎక్కింది. కొన్ని సంఘాలు ఇంట్లోనే రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసుకోమన్నాయి. కొన్ని తలుపులు తెరిచేదాకా ఆగాయి. ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని కథోలిక సంఘం 2002లోనే తేల్చిచెప్పింది.

తెర దండగని కూడా అనలేం. మంచాన పడ్డవారికి అదే దారి. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి తెలుగు సంఘాలు ఆ రోజే కూడుకుంటాయి. యజమాని ఇల్లు దాటే వీలులేని పనిమనుషులు ఆ కూడికల పాటలను ఫోన్‌లోనే వింటారు. వారికి కొరవడింది భక్తి కాదు, ఒక పూట సెలవు.