పైనుండి దూకిన తరువాత తల తిరుగుతుంటే



గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చే మన కరీంనగర్, జగిత్యాల పిల్లలు మా ఓ.పి.కి ఎక్కువగా నడుము నొప్పితోనో, కిడ్నీలో రాయితోనో వస్తుంటారు. ఈ మధ్య ఒక అబ్బాయి మాత్రం కొత్త మాట చెప్పాడు. దుబాయిలో ఆఫీసు ఉద్యోగం. స్నేహితులతో కలిసి విమానం నుండి పారాచూట్‌తో దూకాడట. దీనిని స్కైడైవింగ్ అంటారు. "దూకిన రోజు చెవులు మూసుకుపోయినయి, అంతే సిస్టర్. నాలుగు రోజులకు మంచం మీద పక్కకు తిరిగితే ఇల్లంతా గిర్రున తిరిగింది" అన్నాడు. ఇంటికి వచ్చాక నాయనమ్మ దిష్టి తీసింది. ఊళ్ళో రెండు సీసాల గ్లూకోజు కూడా ఎక్కించుకున్నాడు. తల తిరుగుడు ఆగలేదు.

తల తిరిగితే రక్తం తక్కువైందని, బి.పి. పడిపోయిందని, గ్యాస్ అని మనవాళ్ళు అనుకోవడం అలవాటు. ఒక్కోసారి నిజమే. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోయినా, తినకపోయినా కళ్ళు బైర్లు కమ్ముతాయి. కానీ అది వేరు, గది మొత్తం తిరుగుతున్నట్లు కనిపించడం వేరు. రెండవది చాలాసార్లు చెవి లోపలి నుండి వస్తుంది.

మన చెవి లోపల అతి చిన్న గొట్టాలు మూడు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ళ గొట్టం వంటివనుకోండి. తల ఎటు తిరిగిందో ఆ ద్రవం కదలికను బట్టి మెదడుకు తెలుస్తుంది. పక్కనే ఉన్న ఇంకొక అరలో కంటికి కనిపించనంత చిన్న సున్నపు రేణువులు అంటుకొని ఉంటాయి. తలకు గట్టి కుదుపు తగిలితే వాటిలో కొన్ని ఊడి ఆ గొట్టంలోకి జారుతాయి. ఇక తల కదిపినప్పుడల్లా అవి దొర్లుతాయి, ద్రవం కదులుతుంది. మనం తిరగకపోయినా తిరుగుతున్నామని మెదడు అనుకుంటుంది. అందుకే పక్కకు ఒత్తిగిలినప్పుడు, వంగినప్పుడు, తలెత్తి పైకి చూసినప్పుడు వస్తుంది. ఒక్కోసారి నిమిషం లోపే ఆగిపోతుంది. వాంతి వచ్చినట్లు మాత్రం చాలాసేపు ఉంటుంది.

స్కైడైవింగ్‌లో సుమారు 13,000 అడుగుల ఎత్తు నుండి దూకుతారు. ఒక నిమిషం పాటు గంటకు 190 కిలోమీటర్లకు పైగా వేగంతో పడతారు. తరువాత పారాచూట్ ఒక్క గుంజుతో తెరుచుకుంటుంది. అక్కడి నుండి ఐదారు నిమిషాల్లో నేల మీదికి వస్తారు. అంత త్వరగా దిగితే బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే చెవి లోపలి ఒత్తిడి దానికి సమానం కాలేదు. అప్పుడు చెవి నొప్పి, తల తిప్పు వస్తాయి. జలుబుతో దూకవద్దనేది ఇందుకే. దిగిన రోజు కొంతసేపు నేల ఊగుతున్నట్లు ఉండడం మామూలే. కానీ చెవి వినిపించడం తగ్గి తల కూడా తిరుగుతుంటే, అదే రోజు చెవి డాక్టరు గారికి చూపించాలి. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

ఈ అబ్బాయికి దూకడమే కారణమని ఖాయంగా చెప్పలేము. ఏ కుదుపూ లేకుండా కూడా, ముఖ్యంగా యాభై దాటినవారికి, ఇది వస్తుంది.

నిజానికి మా దగ్గరికి విమానం నుండి దూకి వచ్చింది ఇతను ఒక్కడే. తాటిచెట్టు మీది నుండి జారి వచ్చిన గౌడ అన్నలు ఎందరో. వారి గురించే మాకు ఎక్కువ దిగులు. చెయ్యి విరిగితే కట్టు వేయించుకుంటారు. పది రోజుల తరువాత తల తిరిగితే ఎవరికీ చెప్పరు. చెబితే ఇంట్లోవారు చెట్టు ఎక్కనివ్వరని, కల్లు కాలం పోతుందని భయం. కానీ ఆ పనిలో తలెత్తి పైకి చూడక తప్పదు. సరిగ్గా అప్పుడే ఈ తల తిప్పు వస్తుంది. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి ఉన్నవారు తప్పక వాడాలి. అయినా తల తిరుగుతున్నప్పుడు కిట్ ఉందని ఎక్కకూడదు. మోటారు సైకిల్ నడపడం కూడా అంతే.

దీనికి వైద్యం చూసి మా స్టూడెంట్ నర్సులు మొదట నమ్మరు. డాక్టరు గారు రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు తిప్పి, వెంటనే వెల్లకిలా పడుకోబెడతారు. కళ్ళు అదురుతాయి. దానిని బట్టి ఏ చెవో తెలుస్తుంది. తరువాత తలను మెల్లగా రెండవ వైపుకు, ఆ తరువాత మనిషిని మొత్తంగా అటే తిప్పి, ఒక్కో భంగిమలో అర నిమిషం పైగా ఉంచి లేపుతారు. రేణువులు దొర్లి తమ అరలోకి తిరిగి పోతాయి. అమెరికాకు చెందిన డాక్టర్ ఎప్లీ ఈ పద్ధతి కనిపెడితే, తోటి డాక్టర్లే చాలా ఏళ్ళు నమ్మలేదు. మా అబ్బాయికి రెండుసార్లు చేశారు. "గింతేనా సిస్టర్?" అన్నాడు. గింతే. కొన్ని నెలలకో, ఏళ్ళకో మళ్ళీ రావచ్చు, మళ్ళీ చేయించుకోవచ్చు.

అయితే చెట్టు నుండి పడినవారికి ముందుగా మెడ చూపించాలి. ఎముక విరిగి ఉంటే తల తిప్పడం ప్రాణాపాయం. కనుక ఇంట్లో ఎవరో చెప్పారని చేయవద్దు. తల తిప్పుకు ఇచ్చే మాత్రలు వాంతులు ఆగడానికి రెండు మూడు రోజులు చాలు. పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకునే పెద్దవారున్నారు. వాటిలో కొన్ని ఎక్కువ కాలం వాడితే చేతులు వణకడం, నడక మందగించడం చూశాము.

తల తిప్పుతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, కాలు చెయ్యి పట్టు తప్పడం, నిలబడలేకపోవడం ఉంటే అది చెవి జబ్బు కాదు, పక్షవాతం కావచ్చు. బి.పి., షుగరు ఉన్నవారి ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి. పడిన తరువాత స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, చెవి నుండి గానీ ముక్కు నుండి గానీ రక్తం, నీరు కారినా తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. మెడ కదలకుండా పడుకోబెట్టి తీసుకురండి. ఆటోలో కూర్చోబెట్టి తేవద్దని మా మనవి.