ఫలితాల సమీక్షతోనే ప్రాథమిక విద్యకు పటిష్ఠమైన పునాది
పాఠశాల సముదాయ సమావేశాల్లో ఉపాధ్యాయుల సమష్టి కృషి

వరంగల్: ప్రాథమిక పాఠశాలల్లో పరీక్షలు ముగిసిన తరువాత, సమీప పాఠశాలల ఉపాధ్యాయులు ఒకచోట సమావేశమై విద్యార్థుల ఫలితాలను పరిశీలించి, తదుపరి బోధనను నిర్ణయించుకునేందుకు ఏర్పడిన వేదిక పాఠశాల సముదాయ సమావేశం. చదవడం, రాయడం, లెక్కించడం పూర్తిగా రాకుండానే విద్యార్థి ఐదవ తరగతి దాటితే ఆ లోటు ఉన్నత పాఠశాలలో అన్ని సబ్జెక్టులలోనూ వెంటాడుతుంది. దానిని ముందుగానే గుర్తించి సరిదిద్దడమే ఈ సమావేశాల ప్రధాన ఉద్దేశం.

నేపథ్యం

ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని పరిసర ప్రాథమిక పాఠశాలలను ఒక సముదాయంగా అనుసంధానించాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో ప్రారంభమైన ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు తమ అనుభవాలను పంచుకునేందుకు ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డి.పి.ఇ.పి.) రాష్ట్రంలో తొలి దశగా ఐదు జిల్లాలలో ప్రారంభమైంది. కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, విజయనగరంలతోపాటు వాటిలో వరంగల్ కూడా ఒకటి. ఈ పథకం కింద మండల వనరుల కేంద్రాలు ఉపాధ్యాయులకు అందుబాటులోకి వచ్చాయి.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ బాధ్యతకు చట్టబద్ధత కల్పించింది. ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన వారికి అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుని విధి అని చట్టంలోని 24వ సెక్షన్ పేర్కొంటోంది. తెలంగాణలో 2022 ఆగస్టు 15న ప్రారంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం 1 నుండి 5 తరగతుల విద్యార్థులలో భాషా, గణిత మౌలిక సామర్థ్యాల సాధనను లక్ష్యంగా నిర్దేశించుకుంది.

సున్నా ఒక్కటే, కారణాలు మూడు

సమీక్ష ఎందుకు అవసరమో ఒక చిన్న లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. మూడవ తరగతి పరీక్షలో 52 నుండి 28 తీసివేయమని అడిగారనుకుందాం. సరైన జవాబు 24. ఒక విద్యార్థి 36 అని, మరొకరు 34 అని, ఇంకొకరు 30 అని రాశారు. మార్కుల రిజిస్టరులో ముగ్గురికీ సున్నాయే.

36 రాసిన విద్యార్థి ఒకట్ల స్థానంలో పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీసివేశాడు. 34 రాసిన విద్యార్థికి పది అప్పు తీసుకోవడం తెలుసు. అయితే పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచాడు. 30 రాసిన విద్యార్థి, రెండు నుండి ఎనిమిది పోదు కనుక అక్కడ సున్నా ఉంచాడు. మొదటి, మూడవ విద్యార్థులకు స్థాన విలువ నుండి మళ్లీ బోధించాలి. పది పుల్లల కట్టను విప్పి ఒకట్లుగా మార్చి చూపితే వారికి విషయం బోధపడుతుంది. రెండవ విద్యార్థికి కొద్దిపాటి అభ్యాసం సరిపోవచ్చు. ముగ్గురిచేతా అదే లెక్కను పదిసార్లు రాయించడం వల్ల ప్రయోజనం ఉండదు.

భాషలోనూ ఇదే పరిస్థితి. ‘అన్నం’ అనే పదాన్ని ‘అనం’ అని రాసిన విద్యార్థికి ఒత్తులలో సాధన కావాలి. తడబడకుండా చదివినా ప్రశ్నలకు జవాబు చెప్పలేని విద్యార్థికి పదాల అర్థం తెలియకపోవచ్చు. ఉమ్మడి జిల్లాలోని తండాలు, ఆదివాసీ గూడేలలో ఇంటి భాష లంబాడీ లేదా కోయ అయిన పిల్లలు ఎందరో ఉన్నారు. అటువంటి చోట జవాబు తప్పు కావడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదు, భాష కొత్త కావడం కారణం.

సమావేశంలో చేయవలసింది

ఉపాధ్యాయులు మార్కుల జాబితాలతోపాటు సమాధాన పత్రాలను కూడా వెంట తెచ్చుకోవడం ఎంతో ఉపయోగకరం. ఎక్కువ మంది తప్పు చేసిన ప్రశ్నలను గుర్తించి, తప్పులను రకాలవారీగా విభజించి, ఒక్కొక్క రకానికి తగిన కృత్యాన్ని కలిసి రూపొందించుకోవాలి. ఆ సామర్థ్యంలో మంచి ఫలితాలు సాధించిన ఉపాధ్యాయులు నమూనా పాఠం బోధించి చూపవచ్చు. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి పాఠాన్ని సిద్ధం చేసుకుని, ఒకరు బోధిస్తుండగా మిగిలినవారు పరిశీలించి, చర్చించి సవరించుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఒక్కరే అన్ని తరగతులకూ బోధించే ఏకోపాధ్యాయ పాఠశాలల వారికి తోటివారితో చర్చించే అవకాశం ఇటువంటి సమావేశాలలోనే లభిస్తుంది.

గమనించవలసిన అంశాలు

తక్కువ ఫలితాలు చూపిన ఉపాధ్యాయుని తప్పుపట్టే వేదికగా సమీక్ష మారితే మార్కులు పెరుగుతాయే తప్ప చదువు పెరగదు. విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో నిర్భయంగా చెప్పగలిగినప్పుడే తోటి ఉపాధ్యాయులు సహాయపడగలరు. ఆదేశాలు చదివి వినిపించడానికీ, వివరాల సేకరణకూ సమయమంతా వెచ్చిస్తే అసలు ఉద్దేశం నెరవేరదు.

సమావేశం ఫలించిందా లేదా అన్నది సగటు ఉత్తీర్ణతా శాతం ఒక్కటే చూసి నిర్ణయించలేము. గత సమావేశంలో గుర్తించిన విద్యార్థులే అదే సామర్థ్యంలో ఈసారి ముందుకు వచ్చారా అన్నదే సరైన కొలమానం. పర్యవేక్షణాధికారులు, పాత్రికేయులు పాఠశాలలను సందర్శించినప్పుడు ఈ ప్రశ్న వేస్తే, 52 నుండి 28 తీసివేయలేని బాలునికి ఆ తరువాత ఏ విధమైన సహాయం అందిందో తెలుస్తుంది.