ఒక్క వైపుకే వంగే కాగితం

"కత్తిపడవకి ముక్కు ఇట్టే వచ్చేస్తుంది. మన ఓడకి ఎందుకు రావట్లేదు సార్?"

అండమాన్‌లోని మాయాబందర్‌లో జూలై. కిటికీ బయట ఆగని వాన. బల్ల మీద, మెయిన్‌లాండ్‌కి వెళ్లే ఓడకి మేం సొంతంగా గీసుకున్న కాగితపు నమూనా. అసలుది 157 మీటర్లు అనుకుని 1:250కి కుదిస్తే దాదాపు 63 సెంటీమీటర్లు వచ్చింది. పక్కలు చక్కగా అంటుకున్నాయి, డెక్కు కూర్చుంది, పొగగొట్టం నిలబడింది. ముక్కు కింద, నీళ్లలో మునిగి ఉండే బుడిపె దగ్గర మాత్రం కాగితం మొండికేసింది. ఎనిమిదో తరగతి కుర్రాడు బొటనవేలితో నొక్కినకొద్దీ ముడతలే.

తప్పు వాడిది కాదు, జిగురుదీ కాదు. ఒక కాగితాన్ని గ్లాసుకి చుట్టండి, ఒదిగిపోతుంది. పొట్లంలా చుట్టండి, శనగలు పోసుకోవచ్చు. అదే కాగితాన్ని కొబ్బరిబొండానికి అంటించబోతే ఎక్కడో ఒకచోట మడత లేస్తుంది. కాగితం వంగుతుంది గానీ సాగదు. ఒక దిశలో వంగిందా, దానికి అడ్డంగా రెండో దిశలో వంగనంటుంది. బొండానికి రెండు దిశలా వంపే.

జర్మన్ గణితవేత్త గాస్ 1827లో దీన్ని లెక్కలో పెట్టాడు. ఉపరితలం మీద ఏ బిందువు దగ్గరైనా అతి ఎక్కువ వంపునీ అతి తక్కువ వంపునీ గుణించండి. చించకుండా, సాగదీయకుండా ఎన్ని తిప్పలు పెట్టినా ఆ గుణకారఫలం మారదు. చదునైన కాగితానికి అది సున్నా. గ్లాసుకి ఒక దిశలో వంపు ఉన్నా రెండో దిశలో లేదు కాబట్టి అక్కడా సున్నాయే. అందుకే కాగితం ఒప్పుకుంది. బంతికి సున్నా కాదు. బత్తాయి తొక్కని బల్ల మీద పరిస్తే పగలడమూ ఇందుకే, ప్రపంచపటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడటమూ ఇందుకే. మా ఓడ ముక్కుకీ గ్రీన్‌లాండ్‌కీ జబ్బు ఒకటేనని చెబితే పిల్లలు నమ్మలేదు. గ్లోబు తెచ్చి చూపించాల్సి వచ్చింది.

గ్లోబు చేసేవాళ్లు ఏంచేశారో చూస్తే దారి దొరుకుతుంది. 1507లో వాల్డ్‌సీముల్లర్ భూగోళాన్ని 12 ముక్కలుగా, నడుం లావు, కొసలు సన్నంగా అచ్చువేశాడు. ప్రతి ముక్కా సన్నం కాబట్టి అడ్డంగా వంగాల్సిన పని దాదాపు లేదు. కాగితపు ఓడ కిట్లలో బుడిపె భాగం కూడా అచ్చంగా ఇలాగే, మల్లెమొగ్గ విప్పినట్టు రేకులు రేకులుగా ఉంటుంది. రేకుల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటిస్తే గట్టు లేస్తుంది. అంచుకి అంచు తాకించి, లోపలివైపు నుంచి సన్నటి పట్టీ వెయ్యాలి. తర్వాత కొద్దిగా తడిపి, చెంచా వీపుతో రుద్దితే నార ఓ పిసరు సాగుతుంది. గాస్ కళ్లుగప్పి దొంగిలించిన పిసరు అది.

డోంగీ పడవలు చేసే వడ్రంగి ఒకాయన మా బల్ల దగ్గర ఆగి, రేకులు చూసి, "పలకా అంతే కదా మాస్టారూ, కొసకి సన్నం కొయ్యకపోతే వంగుద్దేటి?" అని వెళ్లిపోయాడు. ఆయన గాస్ పేరు వినలేదు. వినాల్సిన అవసరమూ లేదు. పెద్ద షిప్‌యార్డుల్లో ఉక్కురేకుకీ ఇదే తగువు. ఓడ నడుం భాగానికి రోలర్లు చాలు. ముక్కుకి మాత్రం రేకు మీద గీతలు గీసి, వాటి వెంట గ్యాస్ మంటతో కాల్చి, వెనకే నీళ్లు కొడతారు. చల్లారేటప్పుడు ఉక్కు ఆ గీత దగ్గర ముడుచుకుని రెండో వంపు తెచ్చుకుంటుంది. మంట ఎక్కడ, ఎంతసేపు పెట్టాలో అనుభవమున్న చెయ్యే చెప్పాలి.

ఇంకో సంగతి మా చేతులు కాలాకే తెలిసింది. ఓడ లోపల ఒక వెన్నెముక, దానికి అడ్డంగా 20 పక్కటెముకలు, అన్నీ ఒక మిల్లీమీటరు అట్ట. వెన్నెముక పైఅంచున కోసిన గాట్లలో పక్కటెముకలు దిగుతాయి. మా అట్ట ఆ లెక్కకంటే 0.1 మిల్లీమీటరు ఎక్కువ మందం. దాందేముందిలే అనుకుని బిగించి దింపాం. 20 గాట్లు, 2 మిల్లీమీటర్లు. పైఅంచు ఆ మేరకు సాగింది, అడుగు సాగలేదు. ఓడ రెండు కొసలూ కిందికి వేసి, నడుం పైకెత్తి కూర్చుంది. మళ్లీ కోశాం. దానికితోడు ఇక్కడి తేమ. కాగితం నార వెంట కంటే నారకి అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. అది చూసుకోకుండా కోస్తే పక్కలు ఎండాకాలపు ఎద్దులా ఎముకలు చూపిస్తాయి.

ఈ కాగితపు ఓడల విద్య చరిత్ర గబగబా చెప్పేస్తాను. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని విల్‌హెల్మ్‌స్‌హాఫెన్‌లో బడిపంతుళ్లు బోధనా సామగ్రిగా ఓడల షీట్లు అచ్చువేయించారు. 1:250 కొలత వాళ్లు పాతుకునేలా చేసిందే. వాళ్ల ఓడలు చాలావరకు నీటిమట్టం దాకానే, అడుగు ఉండదు. పోలెండ్‌లో 1957లో మొదలైన మావీ మోడెలాష్ పత్రిక తరాల పిల్లల చేతికి కత్తెర ఇచ్చింది. అక్కడి ఈనాటి ప్రచురణకర్తలకు 1:200 ఇష్టం. అడుగూ, చుక్కానీ, ప్రొపెల్లరూ అన్నీ ఉండాల్సిందే. నా ఓటు పోలెండ్‌కే. కష్టమంతా నీళ్ల కిందే ఉంటే దాన్ని కోసి పారేసి ఓడ అనడమేంటి? వాళ్లకీ మనకీ చుట్టరికం కూడా ఉంది: అండమాన్ జనాన్ని ఏళ్ల తరబడి మోసిన నాన్‌కౌరీ, నికోబార్ ఓడలు పోలెండ్‌లోని ష్చెచిన్‌లో తయారైనవే. స్వరాజ్ ద్వీప్ మాత్రం మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు బిడ్డ. ఇప్పుడు కాగితపు ఓడల రేకుల్ని కంప్యూటరు విప్పేస్తుంది, ఫ్రేముల్ని లేజరు కోసేస్తుంది. కిట్లలో యుద్ధనౌకలదే ఎప్పుడూ జోరు. నాకు టగ్గులూ, ఫెర్రీలూ, చేపల బోట్లే ముద్దు.

మా బుడిపె తొమ్మిది రేకులతో కుదిరింది. ఒకచోట చిన్న గీత కనబడుతుంది, రంగు వేశాం. "ఇంతకీ తేలుద్దా సార్?" అన్నాడు కుర్రాడు. మూడో కోటు వార్నిష్ పూశాం. అది ఆరడం లేదు, వాన తగ్గడం లేదు.