నొప్పి లేదు కదా, పుచ్చు ఎక్కడిది?

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే నోరు తెరవమనడానికి ముందే ప్రశ్నలు మొదలవుతాయి. రోజుకి టీ ఎన్నిసార్లు? మధ్యమధ్యలో ఏమైనా నములుతారా? బీపీకి మాత్రలు వేసుకుంటున్నారా? ఈ మధ్య ఏ పన్నుకైనా సిమెంటు పెట్టించారా? ‘పన్ను చూడమంటే ఇంటి సంగతులన్నీ అడుగుతాడేమిటి’ అని విసుక్కునేవాళ్లు ఎక్కువ. నిజానికి పరీక్షలో సగం అదే. ఇప్పటికే పుచ్చిన పన్ను ఏదో అద్దం పెడితే తెలిసిపోతుంది. ఇకముందు పుచ్చు వచ్చే అవకాశం ఎంత ఉందన్నది మాత్రం ఈ జవాబుల్లోంచే తేలాలి. స్వీడన్‌కి చెందిన ప్రొఫెసర్ డగ్లస్ బ్రాట్‌హాల్ ఈ లెక్క కోసమే కారియోగ్రామ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేశారు. తిండి, పాచిలోని సూక్ష్మజీవులు, లాలాజలం, ఫ్లోరైడ్ వాడకం వంటి వివరాలు ఇస్తే రంగుల చక్రం వస్తుంది. అందులో పచ్చభాగం ఎంత పెద్దదైతే పుచ్చు తప్పించుకునే అవకాశం అంత ఎక్కువ.

మన ఇళ్లలో నడిచే లెక్కలు వేరు.

అపోహ: నొప్పి లేకపోతే, నల్లగా లేకపోతే పన్ను బాగున్నట్టే.

పంటి పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. పుచ్చు అక్కడ ఉన్నంతకాలం ఏమీ తెలియదు. గట్టిగా నొప్పి పుట్టిందంటే అది చాలా లోతుకి దిగిందన్నమాట. పైగా తొలిదశ పుచ్చు నల్లగా ఉండదు, తెల్లగా ఉంటుంది. పన్ను తడిగా ఉన్నప్పుడు కనిపించదు. డాక్టరు గాలిగొట్టంతో ఐదారు సెకన్లు ఆరబెడితే, చిగురు అంచు వెంబడి సుద్ద రాసినట్టు ఒక మచ్చ బయటపడుతుంది. అది మెరుపు లేకుండా గరుకుగా ఉంటే పుచ్చు నడుస్తోందని, నున్నగా మెరుస్తుంటే ఆగిపోయిందని అర్థం. గుంట పడకముందు ఫ్లోరైడ్ పూతతో, తిండి అలవాట్లు మార్చుకోవడంతో దీన్ని అక్కడికక్కడే ఆపొచ్చు, మిషన్ పెట్టి తొలచనక్కర్లేదు. మరోవైపు, దవడపళ్ల గాడుల్లో కనిపించే నల్లగీత చాలాసార్లు వట్టి మరకే. నల్లగొండ వైపు పళ్లమీద కనిపించే గోధుమరంగు చారలు కూడా పుచ్చు కాదు. పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరడం వల్ల వచ్చినవి.

అపోహ: తీపి తక్కువ తింటే చాలు. బెల్లమైతే అసలు భయమే లేదు.

ఎంత తిన్నామన్నది ముఖ్యమే. ఎన్నిసార్లు తిన్నామన్నది అంతకంటే ముఖ్యం. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందకి పడిపోతుంది. ఆ స్థాయిలో ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. రాబర్ట్ స్టీఫన్ ఈ పతనాన్ని 1940లలోనే కొలిచి చూపించాడు. ఈ లెక్కన పండగనాడు భోజనంతోపాటు మూడు బొబ్బట్లు లాగించినవాడికి ఒక్క గండమే. పదింటికి చక్కెర టీ, పదకొండున్నరకి బిస్కెట్, మధ్యాహ్నం చాక్లెట్, నాలుగింటికి మళ్లీ టీ అన్నవాడి పళ్లకి రోజంతా తీరికే ఉండదు. స్వీడన్‌లోని వీపెహోమ్ ఆసుపత్రిలో 1945 తర్వాత జరిగిన ప్రయోగం ఇదే తేల్చింది. అయితే అందుకు మేధోవైకల్యం ఉన్న రోగులకి భోజనాల మధ్య అంటుకునే మిఠాయిలు పెట్టి పళ్లు పుచ్చేలా చేశారు. ఆ పాపం వైద్యచరిత్రలో అలాగే ఉంది.

బెల్లంలో ఉన్నదీ ప్రధానంగా సుక్రోజే. సూక్ష్మజీవులకి పంచదారైనా బెల్లమైనా ఒకటే.

అపోహ: రెండుపూటలా గట్టిగా తోముతున్నాం, మాకేం కాదు.

గట్టిగా తోమితే చిగురు దిగి, పంటి మెడ అరుగుతుంది. కాపాడేది బలం కాదు, పేస్టులోని ఫ్లోరైడ్. ట్యూబు వెనక 1000 పీపీఎం అని ఉందో లేదో చూడండి. ఉప్పు, బొగ్గు, వేపపుల్ల పాచిని కొంత తీస్తాయేమో గాని ఆ పని చెయ్యలేవు. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత పేస్టు, ఆరేళ్ల వరకు బఠాణీగింజంత చాలు. తోమాక నురగ ఉమ్మెయ్యాలి. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే వాడిన ఫ్లోరైడ్ కాస్తా తూములో పోతుంది.

అపోహ: పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోతాయి.

వెనకవైపు పాలదవడలు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి పుచ్చిన పిల్లలకి శాశ్వత పళ్లూ పుచ్చే ప్రమాదం ఎక్కువ. ఏ వయసులోనైనా రాబోయే పుచ్చుకి గట్టి ఆనవాలు గతంలో వచ్చిన పుచ్చే. ఇంకో చిక్కుంది. ఆరేళ్లకి వచ్చే మొదటి పెద్ద దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే చివర్న మొలుస్తుంది. ‘వెనకాల పళ్లు ఇంకా ఊడలేదు కదండీ’ అని అమ్మానాన్నలు దాన్నీ పాలపళ్లలో కలిపేస్తారు. జీవితాంతం ఉండాల్సిన ఆ పన్ను లోతైన గాడులతో పుచ్చుకి ముందుగా దొరికిపోతుంది.

అపోహ: ఒక్కో కాన్పుకి ఒక్కో పన్ను పోతుంది.

కడుపులోని బిడ్డ తల్లి పళ్లలోంచి కాల్షియం లాక్కోదు. వాంతుల పులుపు, మాటిమాటికీ ఏదో ఒకటి తినాల్సి రావడం, వికారంతో తోమడం మానేయడం, ఇవీ కారణాలు.

అపోహ: ఇన్నేళ్లూ ఒక్క పన్నూ పుచ్చలేదు, ఇక రాదు.

అరవై దాటాక కథ మారుతుంది. బీపీ, డిప్రెషన్, అలర్జీ మందుల్లో చాలావాటికి నోరెండిపోతుంది. ఆ పొడితనం పోవడానికి మామ్మగారు పిప్పరమెంటు బిళ్ల బుగ్గన పెట్టుకుంటుంది. చిగుళ్లు దిగి బయటపడ్డ పంటి వేరుకి ఎనామిల్ కవచం లేదు. అది ఇంకా తేలికపాటి ఆమ్లానికే కరుగుతుంది. కడిగే లాలాజలమూ కరువు, బుగ్గన తీపీ ఉంది. నలభై ఏళ్లు చెక్కుచెదరని పళ్లు కొద్దికాలంలోనే వరసగా పుచ్చిపోవచ్చు. పాత మాత్ర మారినా, కొత్తది చేరినా పళ్ల డాక్టరుకి చెప్పాల్సింది అందుకే. చప్పరించక తప్పదంటే చక్కెర లేని బిళ్ల వాడొచ్చు.

అపోహ: అందరూ ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

ఈ గడువు అందరికీ ఒకేలా ఉండదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రమాదాన్ని బట్టి పెద్దలకి మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు, 18 ఏళ్లలోపువారికి గరిష్ఠంగా ఏడాది వరకు వ్యవధి పెట్టొచ్చు. ఒకే ఇంట్లో మామ్మకి మూడు నెలలు, కొడుక్కి ఏడాదిన్నర అని డాక్టరు వేర్వేరు తేదీలు రాసిస్తే అందులో వింతేమీ లేదు.