కాలిస్తే సున్నం... చెక్కితే చరిత్ర

పిడుగురాళ్ల:
పిడుగురాళ్ల అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేవి సున్నం బట్టీలు. గనిలో తీసిన రాయి బట్టీకి చేరుతుంది. కాలి సున్నమై ఊళ్లకు పోతుంది. వందలాది కుటుంబాలకు కూడు పెట్టిన రాయి ఇది. అయితే ఇదే జాతి రాయి దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల క్రితం పల్నాటి జనం చరిత్రను కూడా మోసింది. అమరావతి స్తూపంలోనూ, నాగార్జునకొండ కట్టడాలలోనూ చూపరులను ఆకట్టుకునే శిల్పాలు పల్నాటి సున్నపురాతిపై చెక్కినవే.

చనిపోయినవారికి ఛాయాస్తంభం

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా చనిపోతే వారి జ్ఞాపకార్థం బొమ్మలు చెక్కిన రాతి స్తంభం నిలిపేవారు. దానినే ఛాయాస్తంభం అన్నారు. ఛాంతమూల మహారాజుకు ఆయన తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి ఇటువంటి స్తంభం నిలిపారు. రాజులకే కాదు, పోరులో పడిన సైనికులకూ, చేతిపనివారి పెద్దకూ ఈ గౌరవం దక్కింది. సాగర్ నీటిలో లోయ మునగబోతున్నదని తెలిసి 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు సాగించారు. దొరికిన శిల్పాలు నేడు కొండపై మ్యూజియంలో ఉన్నాయి.

రాయి, ఇనుము, పాట

ఆ ఆచారం రూపు మార్చుకుని మన పక్కనే బతికి ఉంది. పిడుగురాళ్లకు పడమరగా, నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడి వీర్లగుడే అందుకు సాక్ష్యం. పన్నెండవ శతాబ్దంలో గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవరాజుకూ జరిగిన యుద్ధంలో పడిన వీరులు అక్కడ రాళ్ల రూపంలో పూజలందుకుంటున్నారు.

ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న వరుసలో ఉత్సవాలు జరుగుతాయి. ఊరూరా భద్రపరచిన కొణతాలను ఆచారవంతులు మోసుకు వస్తారు. పంబ, తిత్తి మోగుతుండగా వీర విద్యావంతులు కత్తి చేతబట్టి కథ పాడతారు. చెక్కిన రాయి, వీరుల ఆయుధం, వాద్యం, పాట నాలుగూ కలిస్తేనే ఈ కథ పూర్తవుతుంది. ఏ ఒక్కటి తగ్గినా మిగిలినవి మూగబోతాయి.

మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులభేదం లేకుండా అందరూ ఒకే చోట కూర్చుని భోంచేస్తారు. బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడన్న కథను ఆ పంక్తి ఏటా గుర్తుచేస్తుంది. ఆ కథను తరతరాలుగా కంఠస్థం చేసి నిలిపినవారూ మాల గాయకులే కావడం గమనించదగిన విషయం. కారెంపూడి గాయకుడు ఆలిశెట్టి గాలేయ్య పాడిన కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ ఇంగ్లీషులోకి మార్చగా 1982లో గ్రంథంగా వెలువడింది. శ్రీనాథుడు ద్విపదలో రాసినదానికీ, గాయకులు పాడేదానికీ తేడాలున్నాయి. రెండూ మనవే.

బట్టీపాలైన శిల్పాలు

అమరావతిలో జరిగింది మనకు హెచ్చరిక. 1797లో కల్నల్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే కొత్త కట్టడాల కోసం స్తూపం రాళ్లు తరలిపోతున్నాయి. 1816లో ఆయన తిరిగి వచ్చి చూస్తే స్తూపం నడుమ చెరువు తవ్వి ఉంది. చెక్కిన రాళ్లను ఎన్నింటినో సున్నం కోసం కాల్చేశారు. మిగిలినవాటిలో వందకు పైగా ఫలకాలు లండన్ చేరాయి. మరికొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. కాలిపోయినవి మాత్రం ఎక్కడా లేవు. బట్టీకి మామూలు రాయికీ, బొమ్మ చెక్కిన రాయికీ తేడా తెలియదు. ఆ తేడా మనిషే తెలుసుకోవాలి.

పొలంలో రాయి కనిపిస్తే

పల్నాడులో ఊరి పొలిమేరల్లో, గుడి వాకిళ్లలో, చెరువు కట్టలపై వీరగల్లులు కనిపిస్తుంటాయి. కత్తి పట్టిన మనిషి, గుర్రం, పైన సూర్యచంద్రులు ఉంటే అది సాధారణంగా వీరగల్లే. దుక్కిలో ఇటువంటి రాయి బయటపడితే గట్టు మీదికి దొర్లించవద్దు. దొరికిన చోటు కూడా చరిత్రలో భాగమే. గ్రామ రెవెన్యూ అధికారికి గాని, పురావస్తు శాఖకు గాని తెలియజేయాలి.

భక్తితోనైనా సరే రాతికి రంగు, సున్నం పూయరాదు. పూతలు పేరుకుంటే అక్షరాల గాడులు పూడిపోతాయి. శాసనాన్ని నకలు తీసేవారు తడి కాగితం రాతిపై పరచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దుతారు. గాడి పూడితే అక్షరం కాగితంపై పడదు. దానితో పాటు ఒక మనిషి పేరూ, ఒక ఊరి పేరూ పోతాయి.

2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది. జిల్లాకు పేరు వచ్చింది. ఆ పేరు వెనుక ఉన్న రాళ్లు ఏ ఊళ్లో ఎన్ని ఉన్నాయో ఊరి బడి పిల్లలు, ఉపాధ్యాయులు పూనుకుంటే ఒక సెలవు రోజులో లెక్క రాయవచ్చు. పాడగలిగిన పెద్దలు ఉండగానే వారి కథను సెల్‌ఫోనులోనైనా పట్టి ఉంచవచ్చు. దీనికి నిధులు అక్కరలేదు. శ్రద్ధ ఉంటే చాలు.