ఆకుకూర ఎక్కడ పండింది?

"సిస్టరమ్మా, ఆకుకూర బాగా ఉడికిస్తే విషం పోతుందా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉడికిస్తే క్రిములు చస్తాయి. సీసం, కాడ్మియం మాత్రం పోవు.

హైదరాబాదు దగ్గర మూసీ నీటితో ఆకుకూరలు పండిస్తారు. ఆ నీటిలో ఇళ్ళ మురుగుతోపాటు ఫ్యాక్టరీల వ్యర్థాలూ కలుస్తాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయినా, రోడ్ల పక్క మట్టిలో చేరిన సీసం త్వరగా పోదు. సీసం పిల్లల మెదడును, కాడ్మియం మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

అలాగని ఆకుకూరలు మానకండి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల ఒంటికి సీసం మరింత పడుతుంది. రెండు మూడు నీళ్ళలో కడిగితే ఆకు మీది దుమ్ము పోతుంది. వేరు పీల్చుకున్నది పోదు. అందుకే ఎక్కడ పండిందో అడిగి కొనండి. ఒకేచోట పండినదే రోజూ తినకండి. పెరటి మట్టి మీద అనుమానముంటే, మంచి మట్టి తెచ్చి కుండీల్లో వేసుకోండి.